పదకొండు కుట్లు

తలుపు కొట్టింది మా ఇంటిది కాదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో గొప్పవాళ్ళనిపించుకున్నవాళ్ళ కంచు తలలు వరసగా నిలబెట్టే హాల్ మా ఊరు కాంటన్‌లోనే ఉంది. మా వాకిట్లోంచి కారులో ఏడు నిమిషాలు. ఏటా కొత్తగా ఎంచుకున్నవాళ్ళ ఇంటికి హాల్ తరఫున ఒక పెద్దమనిషి స్వయంగా వెళ్ళి, తలుపు కొట్టి, సంగతి చెప్పడం ఆనవాయితీ. ఎంచుకున్న మనిషి బతికి లేకపోతే ఇంటివాళ్ళ తలుపు కొడతారు. మా నాన్న మైలో పావ్లిక్ పోయిన మూడో ఏడు, జనవరి చివర్లో, ఆ పెద్దమనిషి మా వీధి పక్కనుంచే హైవే ఎక్కి, మంచులో రెండు గంటలు కారు నడుపుకుంటూ కొలంబస్ వెళ్ళి, మా అక్క కొరిన్ తలుపు కొట్టాడు.

అక్క అని రాస్తున్నానే గానీ ఎప్పుడూ అలా పిలవలేదు. నాన్న మొదటి భార్య కూతురు ఆమె. నాకన్నా పద్దెనిమిదేళ్ళు పెద్ద, పళ్ళ డాక్టరు. నాన్న పధ్నాలుగేళ్ళు ఆడాడు. బంతి పట్టుకుని పరిగెత్తే పని కాదు ఆయనది. బంతి విసిరేవాడి మీదకి దూకేవాళ్ళకి అడ్డంగా గోడలా నిలబడటం. ఆ గోడ నిలబడి ఉన్నన్నాళ్ళూ కొరిన్ ఆయన కూతురు. గోడ కూలడం మొదలయ్యాక నేను పుట్టాను.

ఆ ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మ కోడిముక్కలు వేయించింది. కొరిన్ ఫోను తీసి అమ్మ ముందు పెట్టింది.

"చూడు లొరేటా. మా ఆయనకి ముందే తెలుసట. కర్టెన్ వెనక దాక్కుని వీడియో తీశాడు."

ఫోన్లో కొరిన్ తలుపు తీసింది, గుమ్మంలో ఉన్న మనిషిని చూసింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఏడ్చింది. నేను పాపకి తేన్పు రావడానికి వీపు తడుతూ అమ్మ భుజం మీదుగా చూశాను. కొరిన్ వెనకాల నల్లటి పియానో ఒకటి కనపడింది. నా కళ్ళు దాని మీదే ఉండిపోయాయి.

"వాళ్ళకి ఈ అడ్రసు తెలీదా?" అన్నాను.

"ఏ అడ్రసు?" అంది కొరిన్.

"ఇదే. ఆయన చచ్చిపోయిన ఇల్లు."

"ట్విలా," అంది అమ్మ, కూరలో ఉప్పు చూడమన్నంత మామూలుగా.

"ఆట మానేసినప్పుడు ఆయనే నింపిన కాగితంలో నా పేరుందట," అంది కొరిన్. "అప్పటికి నువ్వింకా పుట్టలేదు కదా."

నిజమే. ఆమె చెప్పేవన్నీ నిజాలే. నాకు ఒళ్ళుమండేది అందుకే.

అమ్మ కళ్ళు తుడుచుకుని, "మరి హాల్‌కి ఎంచుకున్నవాళ్ళకిచ్చే ఆ బంగారు రంగు కోటు మనకిస్తారా?" అని అడిగింది.

"పోయినవాళ్ళకి కోటు ఉండదట. కంచు తల ఒక్కటే. ఆగస్టులో, హాల్ వాళ్ళ వారం రోజుల పండగప్పుడు, ఇంట్లోంచి ఒకళ్ళు వేదిక ఎక్కి దాని మీద గుడ్డ తీసి నాలుగు మాటలు చెప్పాలి."

"ఒక్కళ్ళేనా?" అన్నాను.

"ఒక్కళ్ళే."

పాప తేన్చింది.

"నువ్వే వెళ్ళు కొరిన్," అంది అమ్మ. "నీకు మాటలొచ్చు. దీనికి మైకు చూస్తే వాంతొస్తుంది. పదకొండో తరగతిలోనే బడి మానేసింది."

బడి ఎందుకు మానేశానో ఆ బల్ల దగ్గరున్న ముగ్గురికీ తెలుసు. నాన్న పొయ్యి వెలిగించి మర్చిపోయేవాడు. ప్రాక్టీసుకి టైమైందని మంచులో చొక్కా లేకుండా బయల్దేరేవాడు. తలకి తగిలిన దెబ్బలు అన్నేళ్ళకి లోపల పండాయని డాక్టరు చెప్పాడు. అమ్మ హోటల్లో పొద్దుటి డ్యూటీ వదులుకుంటే ఇల్లు గడవదు. పగలు ఆయన దగ్గర ఒకళ్ళు ఉండాలి. నేనుండిపోయాను.

"నేనూ నాలుగు మాటలు చెప్పగలను," అన్నాను.

"చెప్పు చూద్దాం," అంది అమ్మ. ఎకసెక్కానికి కాదు, నిజంగానే అడిగింది. వాళ్ళిద్దరూ నా వైపు చూశారు. పాప డైపరు మార్చాలని లేచి వెళ్ళిపోయాను. డైపరు పొడిగానే ఉంది.

*

జూన్ మొదట్లో కొరిన్ ఫోన్ చేసింది. కంచు పోసేముందు మట్టితో తల చేస్తారట. ఇంటివాళ్ళలో ఎవరైనా వెళ్ళి చూసి సరే అనాలట. ఆమెకి ఆ వారమంతా పేషెంట్లున్నారు. "నువ్వు దగ్గర్లోనే ఉన్నావుగా," అంది.

దగ్గర్లో ఉండటం ఒక్కటే నా అర్హత. పాపని వెనక సీట్లో కట్టి, ప్రతి సిగ్నల్ దగ్గరా వెనక్కి తిరిగి ఊపిరి ఆడుతోందో లేదో చూసుకుంటూ, ఆ తల చేసే శిల్పి ఉండే ఆక్రన్ ఊరికి వెళ్ళాను. పాపకి అప్పటికి తొమ్మిది నెలలు. దాని తల ఎక్కడ తగులుతుందోనని నాకు ప్రాణం గిలగిలా కొట్టుకునేది. మాడు తడిమి తడిమి చూసేదాన్ని. మా ఆయన క్లింట్ నవ్వేవాడు, అది గుమ్మడికాయ కాదే, నొక్కి చూడకు అని.

ఒకప్పటి టైర్ల గోదాంలో పనిచేసేవాడు ఆ శిల్పి. ముసలాయన, పేరు ఎక్‌లండ్. ముంజేతుల దాకా మట్టి.

"రండమ్మా. తాతగారిని చూపిద్దాం పాపకి," అని తడిగుడ్డ తీశాడు.

ఆ ముఖం నాకు తెలీదు.

కొరిన్ ఇచ్చిన ఫొటోలు పక్కన బోర్డుకి గుచ్చి ఉన్నాయి. అన్నీ ముప్ఫై ఏళ్ళ నాన్నవి. ఒత్తుగా జుట్టు, ఎద్దు మెడ, లోకాన్ని పక్కకి తప్పుకోమనే చూపు. మట్టి తలా అంతే. అందంగా ఉన్నాడు. ఆ మనిషి నా షూ లేసులు కట్టబోయి ఎలా కట్టాలో మర్చిపోయి నా కాలు పట్టుకుని ఏడ్చినవాడు కాడు. ఆ మనిషి నన్నెప్పుడూ చూడనే లేదు. ఇంక వందేళ్ళయినా ఈ ముఖమే ఉంటుంది. మాకు తెలిసిన ముఖం ఎక్కడా ఉండదు.

"ఏ వయసు ముఖం పెట్టాలో ఇంటివాళ్ళిష్టం," అన్నాడు ఎక్‌లండ్. "డాక్టరమ్మగారు ఆడే రోజులది కావాలన్నారు. ఎక్కువమంది అదే అంటారు. ఏమైనా తేడా ఉందా?"

"మచ్చ లేదు," అన్నాను.

నేను అలా అంటానని నాకే తెలీదు.

"మచ్చా?"

"నుదుటి మీద. ఎడమ కనుబొమ కొస నుంచి పైకి, జుట్టులోకి పోతుంది."

ఆయన ఫొటోల దగ్గరికి వెళ్ళి కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "వీటిల్లో ఎక్కడా లేదే."

"అన్నిట్లో హెల్మెట్టో జుట్టో అడ్డొచ్చింది," అన్నాను. "ఆడే రోజుల్లోదే."

"అయితే ఉండాలి. ఈ తలలకి అందం అదే కదా. ఎక్కడో చూపించండి."

చెక్క పుల్ల ఒకటి అందించాడు. నేను తీసుకోలేదు. పాపని చంక మార్చుకుని, చూపుడువేలి గోరుతో గీశాను. మట్టి చల్లగా, మెత్తగా ఉంది. గోరు సులువుగా దిగింది. ఆయన నా గీత వెంట పుల్ల నడిపి లోతు చేశాడు, అంచులు నొక్కాడు. కాసేపటికి మట్టి నుదుటి మీద మా ఇంటి మచ్చ లేచింది.

"డాక్టరమ్మగారికి ఒక ఫొటో పంపనా?"

"నేను చెప్తాలెండి," అన్నాను.

ఆ మచ్చ నాన్నకి అరవై మూడో ఏట పడింది. ఒక మధ్యాహ్నం బూట్లతోనే స్నానాల తొట్టిలోకి దిగబోయి జారి, కుళాయి అంచుకి కొట్టుకున్నాడు. నేనప్పుడు వెనక మెట్ల మీద కూర్చుని క్లింట్‌తో ఫోన్లో ఉన్నాను. అమ్మకి మాత్రం వంటింట్లో ఉన్నానని చెప్పాను. పదకొండు కుట్లు పడ్డాయి.

*

జూన్, జూలై అంతా కొరిన్ వారానికోసారి ఫోన్ చేసింది. ఆమె వేదిక మీద చదవడానికి రాసుకుంటోంది.

"చివర్లో పొద్దున్నే ఏం తినేవాడు ట్విలా?"

"ఏమో. అందరూ తినేదే."

అట్ల మీద కాఫీ పోసుకుని తినేవాడు.

"ఆదివారాలు టీవీలో ఆట చూసేవాడా?"

"చూసేవాడనుకుంటా."

చూసేవాడు కాదు. టీవీలో జనం అరుపు వినపడగానే లేచి వంటింట్లోకి వెళ్ళేవాడు. ఫ్రిజ్ ముందు మోకాళ్ళు వంచి, ఒక చెయ్యి నేలకి ఆనించి, కదలకుండా దాన్నే చూస్తూ ఉండిపోయేవాడు. "వీడు నన్ను దాటి పోలేడు," అనేవాడు. నేను పాలు తీయాలంటే ఆయన భుజం తట్టి, "ఈల వేశారు నాన్నా, ఆట ఆగింది," అని చెప్పాల్సి వచ్చేది. అప్పుడు లేచి దారిచ్చేవాడు.

"గుర్తొస్తే చెప్పు," అనేది కొరిన్. "ఏదైనా సరే, చిన్నదైనా."

"సరే," అనేదాన్ని. ఒక్కటీ ఇవ్వలేదు. నీకు స్టేడియాలు వచ్చాయి, నాకు ఫ్రిజ్ వచ్చింది, అదీ ఇమ్మంటావా అనుకునేదాన్ని.

జూలై మధ్యలో పాపకి జ్వరం వచ్చింది. పళ్ళ జ్వరమే, కానీ నాకు అది శిక్షలా తోచింది. నేను మట్టి మీద అబద్ధం గీశాను, అందుకే దీనికి ఒళ్ళు కాలుతోంది అనుకున్నాను. తడిగుడ్డ వేస్తూ ఒక చేత్తో ఎక్‌లండ్‌కి ఫోన్ చేశాను.

"పోత పోసేశామమ్మా. మెరుగు పెట్టి, హాలుకి పంపేశాం కూడా," అన్నాడు. "ఏం, ఏమైనా తేడా వచ్చిందా?"

"లేదండీ. ఊరికే చేశాను."

"ఆ మచ్చ మటుకు అద్భుతంగా వచ్చింది."

*

ఆగస్టు మొదటి వారం మా ఊరు ఊరు కాదు. పెరేడ్ సాగే రోడ్డు పొడుగునా జనం రెండ్రోజుల ముందే మడత కుర్చీలు తెచ్చి తాళ్ళతో కట్టేసుకుంటారు. వాటిని ఎవరూ ముట్టుకోరు. శనివారం పొద్దున్నే ఆటగాళ్ళు టాపు లేని కార్లలో ఊరేగుతారు. పోయినవాళ్ళ కార్లో ఇంటివాళ్ళు కూర్చుంటారు.

"నాతో కారెక్కు," అంది కొరిన్ ముందు రోజు. "లొరేటా ముందు కూర్చుంటుంది, మనిద్దరం వెనక. పాపని ఒళ్ళో పెట్టుకుందాం."

"ఎండకి పాప ఆగదు."

"గొడుగు పట్టుకుంటా."

"అక్కర్లేదు. మాకు కుర్చీలున్నాయి."

ఎక్కమని ఇంకోసారి అడుగుతుందని చూశాను. ఆమె అడగలేదు. "నీ ఇష్టం," అంది.

అందుకని పొద్దున్న ఏడింటికే రోడ్డు పక్కన, మడత కుర్చీలో, పాపకి టోపీ పెట్టి కూర్చున్నాను. క్లింట్ బేరింగుల ఫ్యాక్టరీలో డ్యూటీకి వెళ్ళాడు. పక్క కుర్చీలో లావుపాటి పెద్దావిడ ఒకామె, ఒళ్ళో డోనట్ల డబ్బా పెట్టుకుని వచ్చే ప్రతి కారుకీ వ్యాఖ్యానం చెబుతోంది.

"వాడా? వాడికి ఇప్పుడిచ్చారేంటి, ఇరవై ఏళ్ళ కిందట ఇవ్వాల్సింది. ఇదిగో, ఇదెవరు? పావ్లిక్! అబ్బ, పావ్లిక్ కూతుర్ని చూడవే. ఎంత ఠీవిగా కూర్చుందో. అచ్చం తండ్రి దవడే."

తెల్లటి కారు నెమ్మదిగా మా ముందుకొచ్చింది. కొరిన్ లేత నీలం గౌనులో, నడుం నిటారుగా పెట్టి చెయ్యి ఊపుతోంది. అమ్మ ముందు సీట్లో తల దువ్వుకుని కొత్త పెళ్ళికూతురిలా ఉంది. కొరిన్ పక్కన సీటు ఖాళీగా ఉంది.

"ఒక్కతే కూతురట," అంది పెద్దావిడ.

"ఇద్దరు," అన్నాను.

"ఇద్దరా? రెండోది రాలేదేం మరి?"

"ఏమో," అన్నాను. ఆమె నాకో డోనట్ ఇచ్చింది. తిన్నాను.

మధ్యాహ్నం హాల్ పక్కనున్న స్టేడియంలో అమ్మా, పాపా, నేనూ ఇంటివాళ్ళ వరసలో కూర్చున్నాం. వేదిక మీద గుడ్డలు కప్పిన తలలు. మా ముందు వరసలో నాన్న పక్కన ఆడిన బక్ ఫెనెల్ బంగారు రంగు కోటు వేసుకుని కూర్చున్నాడు. ఆయనకి ఎప్పుడో ఇచ్చారు. చేతికర్రని మోకాళ్ళ మధ్య పెట్టుకుని నాన్న పేరు పిలవకముందే కళ్ళు తుడుచుకుంటున్నాడు.

కొరిన్ వేదిక ఎక్కింది. కాగితాలు మైకు ముందు పెట్టుకుంది. రెండు చేతులతో గుడ్డ పట్టుకుని లాగింది.

కంచు నాన్న ఎండలో మెరిశాడు. పెద్ద తెర మీద ఆయన ముఖం స్టేడియం అంత అయింది. ఎడమ కనుబొమ నుంచి జుట్టులోకి నా గోటి గీత.

అమ్మ చెయ్యి నా మణికట్టు మీద బిగిసింది. "ఏం చేశావే?" అంది పళ్ళ మధ్యనుంచి.

నేను పాప మాడు మీద చెయ్యి పెట్టుకుని వేదికనే చూస్తున్నాను. కొరిన్ కంచు తలకి ఎదురుగా నిలబడి ఉంది. చప్పట్లు అయిపోయాయి. ఆమె ఇంకా అటే చూస్తోంది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. ఇది తప్పు, ఇది మా నాన్న ఆడిన రోజుల్లోది కాదు అంటుంది. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూస్తారు. నా వంటింటి అబద్ధం కూడా బయటపడుతుంది.

ఆమె మైకు దగ్గరికి వచ్చింది. కాగితాలు ముట్టుకోలేదు.

"ఈ మచ్చ పడిన రోజు నేను అక్కడున్నాను," అంది. "నాకు తొమ్మిదేళ్ళు. డిసెంబరు. చలికి నా కప్పులో చాక్లెట్ పాలు గడ్డకట్టాయి. నాన్న హెల్మెట్ ఊడిపోయింది. నుదురు చిట్లింది. మైదానం బయటికి తీసుకొచ్చి తొమ్మిది కుట్లు వేశారు. మళ్ళీ లోపలికి పోయేముందు కంచె దగ్గరికి వచ్చి నా కోసం వెతికాడు. ముఖమంతా రక్తం. నన్ను చూసి నవ్వాడు."

స్టేడియం అంతా హోరెత్తింది. జనం లేచి నిలబడ్డారు. బక్ ఫెనెల్ కర్ర ఊతంగా లేచి, "అవును, అవును," అంటూ తల ఊపుతున్నాడు.

అమ్మ నా చెయ్యి వదిలేసింది. నోరు తెరుచుకుని వేదిక వైపు చూస్తోంది.

ఆయన జీవితంలో నాకని మిగిలింది ఆ మచ్చ ఒక్కటే. దాన్ని నా చేత్తోనే తీసుకెళ్ళి ఆమె నోట్లో పెట్టాను. లేచి, అది అబద్ధం, అది మా స్నానాలగదిలోది అని అరవాలనిపించింది. అరిస్తే ఆ మధ్యాహ్నం నేనెక్కడున్నానో కూడా చెప్పాలి. పాపని గుండెకి అదుముకుని చప్పట్లు కొట్టాను.

*

అంతా అయ్యాక, స్టేడియం వెనక ఇంటివాళ్ళ కోసం వేసిన డేరాలో ఒక మూల కూర్చుని పాపకి పాలిస్తున్నాను. అమ్మని ఎవరో ఫొటోలకి లాక్కెళ్ళారు. కొరిన్ వచ్చి నా పక్క కుర్చీలో కూలబడి, ఎత్తుమడమల చెప్పులు విప్పేసింది. మడమల మీద బొబ్బలు.

"ఎన్ని కుట్లు?" అంది.

"పదకొండు."

"నేను తొమ్మిదన్నాను."

"విన్నా. ఊరంతా విన్నది." ఆగలేక అడిగాను. "నీకెలా తెలుసు?"

"శవపేటిక దగ్గర చూశా. లొరేటాని అడిగితే తొట్టిలో పడ్డాడంది."

"అయితే గుడ్డ తీయగానే తెలిసిందన్నమాట, ఎవరి పనో."

"నువ్వు కాక ఇంకెవరు చేస్తారు?"

"మరి చెప్పలేదేం? నా పరువు కాపాడావా?" అన్నాను. మంచితనంలో కూడా ఈమే ముందుండాలా?

"నీ పరువు ఎవడిక్కావాలే!" అంది కొరిన్. ఆమె నన్ను అలా కసిరింది అదే మొదలు. "నా కాగితం చూశావా? మొదట్నుంచి చివరిదాకా పేపర్లలో పడ్డదే. ఎన్ని ఆటలు, ఎన్ని ఏళ్ళు. రెండు నెలలు నిన్ను అడుక్కున్నాను. ఏమో, గుర్తులేదు, అందరూ చేసేదే! ఆడే రోజుల్లో ఆయన ఇంట్లో ఉన్నదెప్పుడు? ఉంటే గది చీకటి చేసుకుని, మోకాళ్ళ మీద ఐసు పెట్టుకుని పడుకునేవాడు. సద్దు చేయొద్దని మా అమ్మ నన్ను పక్కింటికి పంపేది. నేను చూసింది టీవీలో ఆయన వీపు. అది అందరూ చూశారు. గుడ్డ తీస్తే ఆ మచ్చ కనపడింది. ఒక్కటైనా నాది అని చెప్పుకుందామనిపించింది. నోట్లోంచి వచ్చేసింది."

"అది నీది కాదు."

"తెలుసు."

నాకు సంతోషమేసింది. సిగ్గుపడాల్సిన సంతోషం. అయినా సంతోషమే. ఈ లేత నీలం గౌను, ఆ పియానో, తెల్ల కారు, ఇన్ని పెట్టుకుని ఈమె నన్ను చూసి కుళ్ళుకుంటోంది. నాలుగేళ్ళు ముసలాయన ఉచ్చగుడ్డలు ఉతికినదాన్ని చూసి!

అంతలో బక్ ఫెనెల్ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి కొరిన్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎంత బాగా చెప్పావు తల్లీ! నాకు నిన్నటిలా ఉంది. నుదుటికి తువ్వాలు అదిమిపెట్టింది ఎవరనుకున్నావు? నేనే! ఆ తువ్వాలు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది."

"మీకు చాలా రుణపడి ఉన్నాం బక్," అంది కొరిన్.

ఆయన వెళ్ళేదాకా ఇద్దరం నేల చూపులు చూశాం.

"తువ్వాలు కూడా దొరికింది," అన్నాను.

కొరిన్ పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళకింద రంగు కారితే వేలితో తుడుచుకుంది. తర్వాత, "పడ్డప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడిగింది.

"వంటింట్లో..." అలవాటుగా వచ్చింది. "కాదు. వెనక మెట్ల మీద. ఫోన్లో. ఇరవై నిమిషాలు చూసుకోలేదు."

ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట అది. ఆమె తిడుతుందని చూశాను.

"తర్వాత?" అంది.

"తర్వాత ఏముంది. లోపలికి వెళ్ళేసరికి తొట్టిలో కూర్చుని ఉన్నాడు. బూట్లతో. కోటు కూడా వేసుకున్నాడు, ఎక్కడికో వెళ్ళాలన్నట్టు. కుళాయి పారుతోంది. నీళ్ళన్నీ ఎర్రగా. నేనూ తొట్టిలోకి దిగి ఆయన వెనక కూర్చుని, తల నా ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు నొక్కాను. అంబులెన్సు వచ్చేదాకా అలాగే ఉన్నాం. నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను."

కొరిన్ ముందుకి వంగి వింటోంది. నోరు కొంచెం తెరుచుకుంది, పాప అన్నం ముద్ద కోసం తెరిచినట్టు.

"ఆయనేమన్నాడు?"

"ఏమీ అనలేదు," అన్నాను.

ఆమె తల ఊపింది. "ఊఁ. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు."

పాప పాలు తాగడం ఆపి కాళ్ళు తన్నుకుంటోంది. "ఇటివ్వు, నీ చేతులు లాగుతుంటాయి," అని కొరిన్ చేతులు చాచింది. కొత్తవాళ్ళ దగ్గరికి వెళ్తే గుక్కపెట్టే పిల్ల. ఏడుస్తుందిలే, వెంటనే వెనక్కి తీసుకోవచ్చని ఇచ్చాను. ఏడవలేదు. కొరిన్ మెడ వంపులో ముఖం పెట్టి, నీలం గౌను మీద చొంగ కారుస్తూ కళ్ళు మూసుకుంది. కొరిన్ ఒక చెయ్యి దాని వీపు కింద, ఇంకో అరచెయ్యి దాని తల వెనక పెట్టి పట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే, తలని, గట్టిగా.

"నీ పేరన్నాడు," అన్నాను.

"ఏంటి?"

"ఏడవకు కొరిన్, అన్నాడు. నాకేం కాలేదు కొరిన్, ఏడవకు, అని. నన్ను చూసి. అంబులెన్సు వచ్చేదాకా అదే మాట."

ప్రేమతో చెప్పలేదు నేను. రాయి విసిరినట్టు చెప్పాను. నాలుగేళ్ళు దాచుకున్నది అది, ఆమెకి దక్కకూడదని.

కొరిన్ తిరిగి చూడలేదు. ఉత్తకాళ్ళతో లేచి, అటు తిరిగి నిలబడి, పాపని భుజం మీద ఊపుతూనే ఉంది. డేరా అవతల కార్లు ఒక్కొక్కటే స్టార్టయి వెళ్ళిపోతున్నాయి. అమ్మ ఎక్కడినుంచో నా పేరు పెట్టి పిలుస్తోంది. కొరిన్ భుజం అదురుతుంటే, దాని మీద పాప తల కూడా అదురుతోంది. నా ఒళ్ళో పాప ఉన్న చోట చెమట చల్లబడింది. పిల్లనిటివ్వు అని అడగడానికి నాకు చాలాసేపు నోరు రాలేదు.